గడ్డి పరిచిన తరగతి గదులు

ఈ మధ్యనే కుడి కంటికి శుక్లం తీయించుకున్నాను. విశాఖపట్నంలో, మా అపార్టుమెంటుకు దగ్గర్లోనే ఉన్న ఆసుపత్రిలో. పొద్దున్నే కాఫీ తాగి వెళ్లినదాన్ని మధ్యాహ్నం భోజనం వేళకు ఇంట్లో ఉన్నాను. చల్లటి గది, కంట్లో చల్లటి చుక్కలు, తలమీద ఎక్కడో ఒక వెలుగు అటూ ఇటూ కదలడం, అంతే. కౌంటరు దగ్గరి అమ్మాయి మాత్రం కొంచెం ఇబ్బంది పెట్టింది. "మీతో ఎవరొచ్చారు మేడం?" అని అడిగింది. ఎవరూ రాలేదన్నాను. "ఒక్కరినే పంపించం మేడం, ఎవరినైనా పిలిపించుకోండి" అంది. నేను బయటికొచ్చి, నన్ను తీసుకొచ్చిన ఆటో అతన్నే బతిమాలి లోపలికి తీసుకెళ్లాను. అతను ఖాకీ చొక్కా గుండీలు సర్దుకుని నా పక్క కుర్చీలో బుద్ధిగా కూర్చున్నాడు. "మీకేమవుతారు?" అని ఆ అమ్మాయి అడిగితే, నేను నోరు తెరిచేలోపే "మా పిన్నిగారండి" అనేశాడు.

ఇంటికొచ్చి కంటిమీద ప్లాస్టిక్ మూతతో వెల్లకిలా పడుకున్నాను. ఫ్యాను తిరుగుతోంది, కింద ఎవరో కారు రివర్సు చేస్తున్నారు. ఉన్నట్టుండి కొత్త వరిగడ్డి వాసన వచ్చినట్టనిపించింది. కళ్లంలోంచి అప్పుడే తెచ్చిన గడ్డి, దానిమీద డెట్టాల్, దానిమీద కాగిన పాలు. ఈ మూడూ కలిసిన వాసన ఇప్పుడెక్కడా ఉండదు. నర్సీపట్నం హైస్కూలు తరగతి గదుల్లో చలికాలంలో ఉండేది, కంటి ఆపరేషన్ల క్యాంపు జరిగినప్పుడు. ఆ గదుల్లో నా జీవితంలోని మంచి సంవత్సరాలు కొన్ని గడిచాయి. చెడ్డవి కూడా అవేనేమో, ఇన్నేళ్లయినా విడదీసి చెప్పలేను.

నర్సీపట్నం బాలికల హైస్కూల్లో తెలుగు టీచరుగా వేశారు నన్ను. మాది యలమంచిలి. మా ఊరి నుంచి దూరం కాదు గానీ, రోజూ బస్సులో వచ్చిపోయేంత దగ్గరా కాదు. మా అన్నయ్య ఆలోచించి అక్కడే ఇల్లు చూశాడు. నాకు అప్పటికి పెళ్లి వయసు దాటిపోయిందని అందరూ అనేవారు. దాటలేదు నిజానికి. ఒకసారి కుదిరింది. ముహూర్తం కూడా పెట్టుకున్నాక, ఆ అబ్బాయి శుభలేఖలు పంచడానికి వెళ్తూ బస్సు ప్రమాదంలో పోయాడు. నేనతన్ని చూసింది ఒకే ఒకసారి, పెళ్లిచూపుల్లో. తలెత్తి ముఖం సరిగ్గా చూడలేదు. కాఫీ గ్లాసు పట్టుకున్న చేతులు మాత్రం గుర్తున్నాయి, పొడుగాటి వేళ్లు. అతను పోయాడని తెలిసి ఏడవాలో వద్దో నాకు తెలియలేదు, ఏడిచే హక్కుందో లేదో చెప్పేవాళ్లూ లేరు. ఆ తర్వాత మా గుమ్మంలోకి ఏ సంబంధమూ రాలేదు. వచ్చేవాళ్లు వీధి చివర కిళ్లీకొట్టు దగ్గరే ఆ సంగతి తెలుసుకుని అట్నుంచటే తిరిగి వెళ్లిపోయేవారు.

ఒంటరి ఆడపిల్లకి ఊళ్లో ఇల్లెవరిస్తారు? అందుకని మా పెద్దమ్మ, అమ్మకు అక్క, నాకు తోడుగా వచ్చింది. పన్నెండో ఏట పెళ్లయి, కాపరానికి వెళ్లకుండానే భర్త పోయిన మనిషి. ఎవరింట్లో పురుడైనా, జబ్బైనా పెద్దమ్మని పిలిచేవారు. వయసు మీదపడేసరికి, చెవి దగ్గర అరిస్తే తప్ప వినపడకుండా పోయింది. "నా సెవుల్తో నీకేటి పని? కల్లున్నాయి, సేతులున్నాయి. సాలు" అంది వచ్చిన రోజున. ధాన్యం మిల్లుకి వెనక వీధిలో ఒక పెంకుటింటి సగం వాటా మాది. తెల్లవారుజామునే లేచి పెద్దమ్మ బొగ్గుల కుంపటి రాజేసేది. నాకు కాఫీ, తనకి చద్దన్నం. తర్వాత పెరట్లో గోడవార గొంతుక్కూర్చుని, మండే కొస నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ వేసేది. ఆ చుట్ట వాసన, పక్కనుంచి తవుడు వాసన, చెరకు కాలంలో ఊరిబయట బెల్లం వండుతున్న వాసన, ఇవన్నీ కలిసి మా ఇంటి పొద్దు. సాయంత్రం దీపాలు పెట్టగానే తిని పడుకునేది. ఆ తర్వాత ఇంట్లో మాట వినపడాలంటే నేనే నాతో మాట్లాడుకోవాలి. కొన్నాళ్లు పిల్లల కాంపోజిషన్లు పైకి చదువుకుంటూ దిద్దేదాన్ని. ఆదివారాలైతే మరీ కష్టం. మిల్లు ఆగిపోతుంది, బడి ఉండదు, పొద్దు కదలదు.

అలాంటి రోజుల్లో మా హెడ్‌మిస్ట్రెస్ గారు పిలిచి, ఊళ్లోని సేవా క్లబ్బు వాళ్లు కంటి క్యాంపు పెడుతున్నారనీ, వాలంటీర్లుగా పెద్దక్లాసు పిల్లల్ని అడిగారనీ, వాళ్లకి తోడుగా ఒక టీచరు వెళ్లాలనీ చెప్పారు. మిగతా టీచర్లందరికీ సంసారాలున్నాయి. అందుకని నేను వెళ్లాను.

అప్పట్లో శుక్లం ఆపరేషనంటే ఇప్పటిలా కాదు. విశాఖపట్నం నుంచి కంటి డాక్టర్లు వ్యానులో వచ్చేవారు. సైన్సు ల్యాబు కడిగి, తెల్లగుడ్డలు కట్టి, దాన్నే ఆపరేషన్ థియేటరు చేసేవారు. తరగతి గదుల్లో బల్లలన్నీ బయటికి తీసేసి, మోకాలెత్తు గడ్డి పరిచి, దానిమీద ఈతచాపలు, చాపలమీద దుప్పట్లు. కొండల నుంచి, కింద పల్లెల నుంచి బస్సుల మీదా ఎడ్లబళ్ల మీదా ముసలివాళ్లు వచ్చేవారు. ఆపరేషనయ్యాక రెండు కళ్లకీ కట్టు కట్టేవారు. తల కదపకూడదు. దగ్గకూడదు. గట్టివి నమలకూడదు. కట్టు విప్పేదాకా, రోజుల తరబడి, అలా వెల్లకిలా పడుకోవలసిందే. పాలు తాగించడం, మెత్తటి అన్నం నోట్లో పెట్టడం, కదలకుండా కనిపెట్టుకుని ఉండడం వాలంటీర్ల పని. అన్నిటికంటే పెద్ద పని వాళ్లతో మాట్లాడుతూ ఉండడం. చీకట్లో పడుకున్న మనిషికి పక్కన ఎవరూ లేరనిపిస్తే లేచి కూర్చుంటాడు.

నాకు ఆ పని తేలిగ్గా పట్టుబడింది. ఒక ముసలామె, దేముడమ్మ, నా చీర కొంగు పట్టుకుని వదిలేది కాదు. "సుట్ట ముక్క ఒక్కటిప్పించమ్మా, నీ పున్నెముంటాది. కదల్ను, మెదల్ను" అని గారాబం పోయేది. "దగ్గొస్తే కన్ను పోతుంది మామ్మా" అంటే, "అయితే దగ్గనని ఒట్టేస్తాను" అనేది. ఆమెకు కబుర్లు చెబుతూ నేనెంత మాట్లాడానో! ఇంట్లో దాచుకున్న మాటలన్నీ అక్కడ ఖర్చుపెట్టాను. సాయంత్రం ఇంటికెళ్లేసరికి నా గొంతు బొంగురుపోయి ఉండేది. పెద్దమ్మ ఎండిపోయిన నా పెదాలు చూసి నవ్వేది.

ఆ క్యాంపులోనే సన్యాసిరావు గారిని మొదటిసారి చూశాను. పశువుల ఆసుపత్రి డాక్టరు. క్లబ్బు మెంబర్లలో ప్లీడర్లు, మిల్లు యజమానులు, పెద్ద డాక్టర్లు ఉండేవారు. వాళ్లు ప్రారంభోత్సవానికీ ముగింపుకీ వచ్చేవారు, మధ్యలో ఓసారి చుట్టపుచూపుగా తొంగిచూసేవారు. ఈయన మాత్రం పొద్దున పశువుల్ని చూసుకుని, తిన్నగా సైకిలు మీద స్కూలుకొచ్చేసేవారు. ఆపరేషనైన మనిషిని స్ట్రెచరు మీద గదిదాకా మోయించడం ఆయన పని. "మెల్లగా బాబూ, మెల్లగా... నిండుకుండ తెస్తున్నావనుకో" అంటూ పక్కనే నడిచేవారు. రోగి పక్కన గొంతుక్కూర్చుని, లోగొంతుకతో ఏదో ఒకటి చెబుతూ భుజం నిమిరేవారు. ఒక పెద్దాయన "ఎవులు బాబూ నువ్వు?" అని అడిగితే పక్క చాపమీదాయన "పసువుల డాట్రుగోరు" అన్నాడు. పెద్దాయన కాసేపాలోచించి, "మరేటి, ఇలా కట్టీసి గడ్డిలో పడీసినాక మనం పసువులం కాక మనుసులమేటి?" అన్నాడు. గదంతా నవ్వడం మొదలుపెడితే, నవ్వితే కుట్లు ఊడతాయని నేనూ డాక్టరు గారూ ఇద్దరం కంగారుపడిపోయాం. మేమిద్దరం మొదట కలిసి చేసిన పని అదే, అందరినీ నవ్వకుండా ఆపడం.

ముగింపు రోజున స్టేజీ కట్టారు. క్లబ్బు అధ్యక్షుడు పేరున్న ప్లీడరు. ఆయన భార్య భ్రమరాంబ గారు మహిళా విభాగానికి పెద్ద. లావుపాటి మనిషి, లావుపాటి మనసు. పాలు, పళ్లు, దుప్పట్లు, ఏది తక్కువైనా ఆవిడింట్లోంచి వచ్చేవి. మహిళా విభాగం వాళ్లందర్నీ పేరుపేరునా పిలిచి గులాబీరంగు రిబ్బను బ్యాడ్జీలు పెట్టారు. నన్ను పిలవలేదు. నాకేమీ అనిపించలేదు గానీ, నా పిల్లలు ఊరుకోలేదు. "మా టీచరు పేరు మర్చిపోయారండి" అని వెళ్లి అడిగారు. భ్రమరాంబ గారు కిందికొచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. "ఏటమ్మా, ఏమనుకోకు. లేడీస్ వింగంటే మెంబర్ల భార్యలకే. అది రూలు. నీకు పెళ్లయి ఉంటే, మీ ఆయన్ని మెంబరు చేసీసి నీకూ పెట్టీదాన్ని" అన్నారు. నిజంగా బాధపడుతూనే అన్నారు. తర్వాత ఫొటోలో మాత్రం నన్ను చివర నిలబెట్టారు.

క్యాంపు అయిపోయాక కూడా నేను క్లబ్బు పనులు మానలేదు. ఆదివారాలు సర్కారు ఆసుపత్రిలో రోగులకు పాలూ రొట్టె పంచే కార్యక్రమం ఉండేది. ఆదివారం సంసారులకి ఇంటి దగ్గర పని. చివరికి దానికి మిగిలింది డాక్టరు గారూ, నేనూ, నాతో వచ్చే ఒకరిద్దరు పిల్లలూ. పంచడమయ్యాక వరండాలో కుళాయి దగ్గర గ్లాసులు కడిగేవాళ్లం. ఆ గ్లాసులు కడిగేటప్పుడే కొంచెం కొంచెంగా ఒకరి సంగతులొకరికి తెలిశాయి. ఆయనది ఎస్. రాయవరం దగ్గర వ్యవసాయ కుటుంబం. భార్య కాన్పులో పోయింది. పాప పాయకరావుపేటలో అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. "వెళ్తూనే ఉంటానండి. కానీ అందరూ డాక్టరుగారు, డాక్టరుగారు అంటారా, అది కూడా నన్ను డాక్టరుగారనే పిలుస్తాది" అని నవ్వారు. నేను నవ్వలేకపోయాను. నా సంగతి కూడా చెప్పాను, ఆ పొడుగాటి వేళ్ల సంగతితో సహా. అంతవరకు ఎవరికీ చెప్పలేదది. ఆయన ఒక గ్లాసుని చాలాసేపు కడిగి, "మిమ్మల్ని ఎవరూ ఓదార్చలేదన్నమాట" అన్నారు. అంతే. ఆ రోజు ఇంటికి నడుచుకుంటూ వస్తుంటే మిల్లు గోడమీద ఎండ కూడా కొత్తగా కనిపించింది.

ఊరు చిన్నది. రెండో క్యాంపు కూడా అయ్యాక, వేసవిలో ఒకనాడు భ్రమరాంబ గారు కబురుచేశారు. వెళ్తే పనసతొనలు పెట్టి, కాఫీ ఇచ్చి, పనిమనిషిని బజారుకు పంపేశారు. "అమ్మాయీ, నువ్వు నాకు కూతురు లాంటిదానివి కనక చెప్తన్నాను. ఆ డాక్టరు మంచోడే. నువ్వూ మంచిదానివే. కానీ ఆదివారం వచ్చేసరికి మీ ఇద్దరే కనపడతన్నారని అంటన్నారు. మగాడికేటి, ట్రాన్స్‌ఫరైపోతాడు. నీకు స్కూలుంది, పిల్లలున్నారు" అన్నారు. నేను కాఫీ గ్లాసు కిందపెట్టి సరేనన్నాను. మరుసటి ఆదివారం నుంచి ఆసుపత్రికి వెళ్లడం మానేశాను. ఆ ఆదివారాలు ఎలా గడిచాయో ఇప్పుడు గుర్తులేదు. పెద్దమ్మ మాత్రం నేను ఇంట్లో ఎందుకున్నానా అని వింతగా చూసేది. అడిగితే నేను జవాబు చెప్పాలి, చెబితే అరవాలి. అందుకని అడిగేది కాదు.

వర్షాలు మొదలయ్యాక, మా స్కూలు ఆయాకి జ్వరమొచ్చి ఆసుపత్రిలో పడుకుంటే చూడ్డానికి వెళ్లాను. ఆ రోజు ఆదివారమని తెలిసే వెళ్లానేమో. వరండాలో ఆయన ఒక్కరే గ్లాసులు కడుగుతున్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. చేతుల్లోంచి నీళ్లు కారుతున్నాయి.

"రావడం మానేశారేటండి, టీచరు గారూ?" అన్నారు.

"నేను మెంబర్ని కాను కదండి. లేడీస్ వింగు కూడా కాదు. రూలు ఒప్పుకోదట" అన్నాను. అలక తెలియకుండా ఉండాలనే అన్నాను, కానీ తెలిసిపోయింది.

ఆయన కుళాయి కట్టేశారు. "లేడీస్ వింగులో చేరాలంటే మెంబరుకి భార్యవ్వాలంటారు."

"అవునండి."

"నేను మెంబర్నే కదండి" అన్నారు.

బయట వాన పడుతోంది. నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి ఒళ్లంతా వేడెక్కింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "కోపం తెచ్చుకోకండి. తొందరేం లేదు. ఆలోచించుకుని, క్యాంపులోపు ఎప్పుడైనా చెప్పండి. కాదన్నా ఏమీ అనుకోను. ఆదివారాలు మాత్రం మానకండి" అన్నారు.

కాదనడానికి కారణమేదీ లేదు. కులం కూడా అడ్డం రాలేదు. మా అన్నయ్య సంతోషంగా ఒప్పుకుంటాడని తెలుసు. అయినా నోరు రాలేదు. జాతకాలూ శకునాలూ నేను నమ్మను, పిల్లలకు నమ్మొద్దనే చెప్పేదాన్ని. కానీ రోజూ రాత్రి దీపం తగ్గించగానే ఒకటే ఆలోచన. నేను సరేనన్న మరుక్షణం ఈయనకేమైనా అయితే? సైకిలు మీద అన్ని పల్లెలు తిరిగే మనిషి. బస్సులెక్కే మనిషి. నేను సరే అననంతకాలం క్షేమంగా ఉంటాడని, ఇలా చెప్పకుండా ఉండడమే ఆయనకు నేను చేస్తున్న మేలని అనిపించేది. ఇది ఎవరితో చెప్పుకోను? మా ఇంట్లో ఉన్న ఒక్క మనిషికీ రహస్యం చెప్పాలంటే వీధంతా వినాలి. పెద్దమ్మకి చదువూ రాదు, రాసి చూపించడానికి.

దీపావళి దాటి కొత్త ధాన్యం వచ్చి, మిల్లు పగలంతా ఆడడం మొదలైంది. ఆ రొదలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు మాట్లాడుకున్నా మూడోవాళ్లకు వినపడదు. ఒక సెలవురోజు పెరట్లో పెద్దమ్మ చుట్ట ముట్టించుకుంటుంటే వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, గొంతు చించుకుని అరిచాను. డాక్టరు గారు నన్ను పెళ్లి చేసుకుంటానన్నారని, భార్య పోయిందని, ఒక పాప ఉందని, నాకు భయంగా ఉందని. ఎందుకు భయమో అది కూడా అరిచాను. జీవితంలో అంత పెద్ద గొంతుతో అంత లోపలి మాట ఇంకెప్పుడూ చెప్పలేదు. చెప్పి చెప్పి ఏడ్చేశాను.

పెద్దమ్మ చుట్ట నోట్లోంచి తీసి, గోడకి రాసి ఆర్పింది. ఆమె సగంలో చుట్ట ఆర్పడం నేను చూడలేదు అంతకుముందు.

"నా మొగుడు పోయినప్పుడు నాను మా అమ్మ వొల్లో ఉన్నాను. నానేటి సేసేను? పాము కరిసింది, పోయేడు. నావల్ల పోయేడన్నారు. అరవయ్యేల్లు అదే అన్నారు. నానూ అదే అనుకున్నాను" అంది. తర్వాత నా గడ్డం పట్టుకుంది. "నన్నెవులూ అడగలేదే. నిన్నడిగేడు కదా. సేసుకో. బేగి సేసుకో."

మిల్లు చప్పుడులోనూ ఆ మాటలు నాకు స్పష్టంగా వినిపించాయి. ఆ సాయంత్రం నుంచే క్యాంపు కోసం ఎదురుచూడడం మొదలుపెట్టాను. ఆదివారాలు ఆసుపత్రికి మళ్లీ వెళ్తున్నా, ఆ వరండాలో, పిల్లల ముందు, గ్లాసుల మధ్య చెప్పడం ఇష్టం లేకపోయింది. పైగా ఆయన కూడా కొన్ని ఆదివారాలు రాలేదు, పాయకరావుపేట వెళ్తున్నారన్నారు. పాప కోసమేననుకున్నాను. క్యాంపు మొదటిరోజున, గదుల్లో గడ్డి పరిచేటప్పుడు చెబుదామనుకున్నాను. ఒక నీలంచీర దానికోసమే ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను.

గడ్డిబండి వచ్చింది. ఆయన బండి మీంచి మోపులు దింపిస్తున్నారు. నన్ను చూడగానే అవన్నీ వదిలేసి వచ్చారు. నేను నోరు తెరవబోయేంతలో ఆయనే మొదలుపెట్టారు. తలెత్తలేదు.

"మా అత్తగారు మంచం పట్టారండి. ఇంకెన్నాళ్లో ఉండరంటున్నారు. పాపని ఎవరు చూస్తారని... మా మరదలు ఉంది, చిన్నది. దాన్ని చేసుకుంటానని అత్తగారు నా చేత చేతిలో చెయ్యి వేయించుకున్నారు. నేను కాదనలేకపోయాను." చొక్కాకంటిన గడ్డి దులుపుకున్నారు. "మీరేమీ చెప్పలేదు కదా. మీకు ఇష్టం లేదనుకున్నాను. ఇష్టం లేని మాట చెప్పడానికి మొహమాటపడుతున్నారనుకున్నాను."

"మంచి పని చేశారండి" అన్నాను. "పాపకి పిన్నికంటే ఎవరున్నారు?"

నా గొంతు మామూలుగానే వచ్చింది. పిల్లలు పరుగెత్తుకొచ్చి ఏ గదిలో ముందు పరవాలని అడిగారు. చెప్పాను. ఆ మధ్యాహ్నమంతా గడ్డి పరిచాను, చాపలు సర్దాను. ఆయన అవతలి గదిలో అదే పని చేశారు. క్యాంపు పూర్తయ్యేదాకా ఇద్దరం రోజూ పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లాం. స్ట్రెచరు వచ్చేది, ఆయన తల వైపు, నేను పాదాల వైపు, మెల్లగా దింపేవాళ్లం. ఎవరికీ ఏ తేడా కనిపించలేదు. భ్రమరాంబ గారికి కూడా. కళ్లకు కట్టుతో పడుకున్న ఒక తాత మాత్రం, నేను పాలు పడుతుంటే, "ఏటమ్మా, ఇయ్యాల నీ గొంతు తడిగా ఉందేటి?" అని అడిగాడు. జలుబు చేసిందన్నాను.

ఇంటికెళ్లి పెద్దమ్మకి చెప్పడానికి అరవనక్కర్లేకపోయింది. నా ముఖం చూసి, కుంపటి మీద నీళ్లు పెట్టి, నాకు తలంటు పోసింది, చిన్నపిల్లకి పోసినట్టు. ఆమె ఇంకో రెండు వర్షాకాలాలు నాతో ఉంది. ఆ తర్వాత ఆ సగం వాటా ఇల్లు నా ఒక్కదానిదే అయింది. డాక్టరు గారికి మరో జిల్లాకు బదిలీ అయింది. నేను కొన్నేళ్లకు అనకాపల్లి, అక్కణ్ణుంచి విశాఖపట్నం. ఆయన్ని మళ్లీ కలుసుకోలేదు, వెతుక్కోనూ లేదు.

ఇప్పుడా క్లబ్బులో ఆడవాళ్లు కూడా సభ్యులేనట. ఆ మధ్య పెళ్లిలో కలిసిన ఒక పాత శిష్యురాలు చెప్పింది. పెళ్లైనా కాకపోయినా ఒకటేనట, అధ్యక్షురాలు ఒక పళ్ల డాక్టరమ్మట, ఇంకా పెళ్లి చేసుకోలేదట. విని సంతోషించాను. తరగతి గదుల్లో గడ్డి పరిచే పని కూడా ఇప్పుడు లేదు. బస్సొచ్చి రోగుల్ని తీసుకెళ్లి, ఆపరేషను చేసి, మరునాడు దింపేస్తుంది. ఎవరూ కదలకుండా పడుకోనక్కర్లేదు, ఎవరి కన్నూ పోదు. అది మంచిదే, నా కన్నే సాక్ష్యం. కానీ ఒక మనిషి పక్కన రోజుల తరబడి ఊరికే కూర్చుని మాట్లాడవలసిన అవసరం కూడా దాంతోపాటే పోయింది. ఆ అవసరం వాళ్లకెంత ఉండేదో నాకూ అంతే ఉండేది. మాటకి మాట ఇచ్చే గది ఒకటి ఊళ్లో ఉందని తెలిస్తే ఆదివారాలు ఎలాగో గడిచిపోయేవి. ఇప్పుడు నా ఆదివారాలకు టీవీ ఉంది, ఫోనుంది, లిఫ్టులో పలకరించేవాళ్లున్నారు. గొంతు బొంగురుపోయేంత మాట్లాడి ఎన్నేళ్లయిందో.

అన్నిటికంటే ఎక్కువగా గుర్తొచ్చేది ఆయన ఆ సంగతి చెప్పిన మరుసటేటి క్యాంపు, ఆయన బదిలీకి ముందటిది. భ్రమరాంబ గారు ఒక కొత్త అమ్మాయిని వెంటబెట్టుకుని గదిలోకి వచ్చారు. పందొమ్మిదేళ్లుంటాయేమో, పసుపుతాడు ఇంకా కొత్తగా మెరుస్తోంది. రవికమీద గులాబీరంగు బ్యాడ్జి. "ఇదిగో, మన డాక్టరు గారి భార్య, పద్మ. లేడీస్ వింగులో చేరింది. దీనికి పనంతా నువ్వే నేర్పాలి" అని అప్పగించి వెళ్లిపోయారు. ఆ అమ్మాయి బెదురు బెదురుగా నా పక్కన కూర్చుంది. "అక్కా, ఏం తెలియకపోయినా టీచరు గారినడుగు అన్నారండి ఆయన" అంది. మంచి పిల్ల. పాపని తనే నిద్రపుచ్చుతుందట, పాప తనని అమ్మా అంటోందట. ఆయన్ని కూడా ఇప్పుడు నాన్నా అంటోందట, తనే నేర్పిందట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె ముఖం వెలిగిపోయింది, నాకూ సంతోషమే వేసింది. నిజంగానే వేసింది.

మొదటి రోగికి పాలు పట్టమన్నాను. గ్లాసు ఒక్కసారిగా వంచేసింది, పాలు ఆ ముసలామె మెడమీద పడ్డాయి. పద్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "అలా కాదమ్మా. ముందు నీ ఎడం చెయ్యి మెడ కింద పెట్టు. తల ఎత్తకు, ఊరికే ఆనించు" అని ఆమె చేతికింద నా చెయ్యి పెట్టాను. మా ఇద్దరి చేతులమీదా ఆ ముసలామె తల బరువుగా, నమ్మకంగా వాలింది. ఇంకో గ్లాసు అందించాను. పద్మ నావైపు తిరిగి, ఎంతో చనువుగా, లోగొంతుకతో అడిగింది.

"అక్కా, మీరెందుకు పెళ్లి చేసుకోలేదు?"

"పాలు చల్లారిపోతాయమ్మా, ముందు తాగించు" అన్నాను.

తాగించింది. ఈసారి ఒక్క చుక్క కూడా ఒలకలేదు.